అడిగాకే తోడు

సోమవారం ఉప్పరవలస పెరుగు కేంద్రం షట్టరు ఎత్తేలోపు దమయంతి చెయ్యాల్సిన పనులు ఇవీ. ఎండీ గారి సర్క్యులర్‌లో ఎలా ఉన్నాయో అలాగే చెబుతున్నాం:

ఒకటి, కేంద్రంలో పెరుగు లేదని కళ్లారా చూసి నిర్ధారించుకోవాలి.

రెండు, ఒకవేళ ఉంటే, అది ఎవరు అడిగితే తయారైందో రాయాలి.

మూడు, ఎవరూ అడగలేదని తేలితే ఇద్దరు సాక్షుల ఎదుట పారబోయాలి.

నాలుగు, "తాజా పెరుగు లభించును" అన్న బోర్డు దించి, "పెరుగు అడిగిన పిమ్మట తయారు చేయబడును" అన్న బోర్డు ఎక్కించాలి.

ఐదు, వినియోగదారుడు వచ్చి, నోరు తెరిచి, స్పష్టంగా అడిగేదాకా పొయ్యి వెలిగించరాదు.

ఆరు, వినియోగదారుణ్ణి చూశాకే నవ్వాలి. ముందుగా నవ్వి ఉంచుకోరాదు.

దమయంతి అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. ఆరోది మాత్రం ఒకసారి అద్దంలో చూసుకుని సాధన చేద్దామనుకుంది గానీ, అది ముందస్తు తయారీ కిందికి వస్తుందేమోనని భయపడి మానుకుంది.

ఆవిడ ఇంటిపేరు పొట్నూరు. వాళ్ల ఇళ్లల్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. అందుకని కాగితం మీద అచ్చయిన మాటకి ఆవిడ ఇచ్చే మర్యాద, ఆ కాగితం రాసినవాళ్లు కూడా ఇవ్వరు. రాష్ట్ర సహకార పెరుగు విక్రయ సమాఖ్యలో ఆవిడది ఇన్‌ఛార్జి ఉద్యోగం. ఇన్‌ఛార్జి అంటే కింద పదిమంది ఉంటారనుకునేరు. పాలు కాచేదీ, తోడేసేదీ, అమ్మేదీ, గిన్నెలు తోమేదీ, సాయంత్రం షట్టరు లాగేదీ అంతా ఆవిడే. తన మీద తనే ఇన్‌ఛార్జి.

పైగా కాంట్రాక్టు. ఏటా మార్చి ఆఖరున కేంద్రం తాళంచెవి జిల్లా ఆఫీసులో అప్పగించి, ఒక రోజు ఇంట్లో కూర్చుని, మర్నాడు మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. ఆ ఒక్క రోజూ ఆవిడకి ముద్ద దిగదు. ఇంట్లో ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతుంది. తాళంచెవి ఇంకొకరి చేతిలో పడిపోతేనో? ఆవిడ దేవుణ్ణి అడిగేది ఒక్కటే: ఆ తాళంచెవి తిరిగి ఇవ్వక్కర్లేని ఉద్యోగం. పర్మినెంటు.

సర్క్యులర్ చివర్లో సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. "నిల్వను శూన్యముగా ఉంచిన కేంద్రపు ఇన్‌ఛార్జిని క్రమబద్ధీకరించు విషయము సానుభూతితో పరిశీలించబడును." దమయంతి ఆ వాక్యాన్ని బియ్యం ఏరుతూ చదివింది, జడ వేసుకుంటూ చదివింది, బస్సులో నిలబడి చదివింది. చివరికి కాగితం లేకుండా కూడా చదవగలిగింది.

ఇంతకీ ఈ సర్క్యులర్ ఎలా పుట్టిందంటే, ఎండీ సదానందం గారు కొండ మీద చల్లటి హోటల్లో ఒక శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ వాళ్లకి కార్ల ఫ్యాక్టరీ వీడియో చూపించారు. ఆ ఫ్యాక్టరీలో కొనేవాడు అడిగేదాకా మర కూడా బిగించరట. ఒకడు ఎర్ర కారు అడిగితే ఎర్ర కారు చేస్తారు, ఇంకొకడు నల్లది అడిగితే నల్లది చేస్తారు. గోదాము అన్నదే లేదు. అది చూసి సదానందం గారికి కళ్లు తెరుచుకున్నాయి. తెరుచుకున్న కళ్లతోనే కొండ దిగి వచ్చి, కేంద్రాల ఇన్‌ఛార్జిలందర్నీ పిలిపించారు.

"గోదాములో ఉన్న ప్రతి వస్తువూ ఎవరూ అడగని ప్రశ్నకి మనం చెప్పిన జవాబు," అన్నారాయన మైకు సర్దుకుని. "ఇన్నేళ్లుగా మనం రాత్రే తోడేసుకుని, పొద్దున్నే పెరుగు పట్టుకుని కూర్చుంటున్నాం. ఎంత దురహంకారం! వినియోగదారుడు రేపు వేరే పెరుగు అడిగితే?"

"వేరే పెరుగు అంటే ఏంటి సార్?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

"అదీ! మనకి తెలీదు. ఎందుకు తెలీదు? మనం వినలేదు కాబట్టి. ఇకనుంచి గిరాకీ ముందు, తయారీ తర్వాత."

దమయంతి చెయ్యెత్తింది. "సార్, పెరుగు తోడుకోడానికి పూట పడుతుంది కదండీ. మీ ఇంట్లో కూడా..."

"మా ఇంట్లో కూడా రాత్రే తోడేస్తారమ్మా," అన్నారు సదానందం గారు, ఏ మాత్రం తొట్రుపడకుండా. "కానీ అది ఇల్లు. ఇది సంస్థ."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికీ సంస్థకీ ఇంత తేడా ఉందని అంతకు ముందు ఎవరికీ తట్టలేదు.

*

సోమవారం మొదటి గిరాకీ తవిటినాయుడిది. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. కేంద్రం తెరిచిన నాటి నుంచీ పొద్దున్నే స్టీలు డబ్బా ఊపుకుంటూ వచ్చి అర లీటరు పట్టుకెళ్తాడు. ఆయన్ని చూశాక దమయంతి నవ్వింది.

"అర లీటరు ఇయ్యి తల్లీ."

"గిరాకీ నమోదైంది బాబాయ్. కూర్చోండి."

"కూర్చోడం దేనికే? డబ్బా ఇదిగో, గరిటె అదిగో."

"పాలు కాచాలి, చల్లారాలి, తోడెయ్యాలి, తోడుకోవాలి. సాయంత్రానికి ఇచ్చేస్తాను."

తవిటినాయుడు ఆవిడ మొహం లోకి చూశాడు. ఆ తర్వాత బోర్డు చూశాడు. మళ్లీ ఆవిడ మొహం చూశాడు. "మరి నిన్న రాత్రి ఏటి చేసినావు?"

"నిన్న రాత్రి మీరు అడగలేదు కదా."

"రోజూ అడుగుతూనే ఉన్నాను కదేటి! ఈ షాపు పెట్టిన కాడి నుంచి ఒక్కనాడు నాగా పెట్టినానా?"

"ఆ అడిగినవి ఆ రోజులవి బాబాయ్. అవి ఆ రోజే తీరిపోయాయి."

"సరే, రేపటిది ఇప్పుడే అడుగుతున్నాను. రేపు పొద్దున్నకి అర లీటరు. రాసుకో."

దమయంతి సర్క్యులర్ తీసి వేలు పెట్టి చూపించింది. "ఇది చూడండి. రేపటికి ఇవాళ అడిగితే అది గిరాకీ కాదు, అంచనా. అంచనాలు రద్దు చేశారు."

"రేపు నేను పెరుగు తింటానన్నది అంచనా అంటావా?"

"మీకు రేపు జలుబు చెయ్యొచ్చు."

తవిటినాయుడు అరుగు మీద కూలబడ్డాడు. పొయ్యి వెలిగింది.

పూట గడిచేసరికి అరుగు నిండింది. సమాఖ్య వాళ్లు అన్నీ ఆలోచిస్తారు కాబట్టి, వారం తిరక్కుండానే కేంద్రం పక్కన రేకులు దించి "నిరీక్షణ మందిరం" కట్టించారు. కుర్చీలు వేశారు. ఫ్యాను పెట్టారు, ఎవరికైనా ఉక్కపోసి అడిగాకే వెయ్యాలని షరతు పెట్టారు. పెరుగు కోసం పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా కూర్చునే జనానికి అది రెండో ఇల్లయింది. మంగలి వచ్చి ఒక మూల అద్దం తగిలించుకున్నాడు. ఆడవాళ్లు పూలు కట్టుకునేవారు. పెరుగు కోసం వచ్చిన రెండు కుటుంబాల మధ్య సంబంధం కూడా కుదిరింది.

మధ్యాహ్నమయ్యేసరికి అందరికీ ఆకలి. అక్కడే దారి దొరికింది నీలవేణికి. బస్టాండు దగ్గర భోజనం హోటలు నడుపుతుంది. గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆవిడ తన హోటలుకి రోజూ బిందెడు పెరుగు ఇక్కడే కొనేది. ఇప్పుడు లాభం లేదని ఇంట్లోనే రాత్రి తోడేసుకుని, పెరుగన్నం కలిపి, పెద్ద గిన్నె నెత్తిన పెట్టుకుని నిరీక్షణ మందిరానికి తెచ్చి అమ్మడం మొదలెట్టింది.

"ఇదేటే నీలవేణీ, పెరుగు కోసం కూర్చున్నోళ్లకి పెరుగన్నం అమ్ముతున్నావా?" అన్నాడు తవిటినాయుడు, విస్తరి చాపుతూనే.

"మరి ఉత్త కడుపుతో ఎంతసేపు కూర్చుంటారు మావా? పెరుగు వచ్చేదాకా ఓపిక ఉండాల కదా!" అని, కౌంటరు వైపు తిరిగింది. "దమయంతప్పా! నువ్వు కూడా రెండు ముద్దలు తిను. మొహం పీక్కుపోయింది."

"నాకొద్దు నీలవేణీ. బయటి పెరుగు కౌంటరు లోపలికి వస్తే నిల్వ కింద లెక్క."

"ఓలప్పా, నోట్లో పెట్టుకుంటే నిల్వేటి!"

దమయంతి ఆలోచించింది. కడుపు సంస్థ ఆస్తి కాదని ఆవిడకి తెలుసు. కానీ డ్యూటీ టైములో ఎవరిదన్న సంగతి సర్క్యులర్‌లో స్పష్టంగా లేదు. తినలేదు.

*

జిల్లా పర్యవేక్షణాధికారి పరాంకుశం గారు స్కూటరు మీద వచ్చేవారు. ఆయన మామూలుగా మాట్లాడటం ఎప్పుడో మానేశారు. ఇంట్లో దాహమేసినా "సదరు మంచినీళ్లు" అంటారని చెప్పుకుంటారు. ఆయన కేంద్రమంతా తిరిగి, మూల ఉన్న పాలక్యాను దగ్గర ఆగారు.

"ఇదేమిటి?"

"పాలు సార్. పొద్దున్న వచ్చాయి."

"సదరు పాలను ఎవరు అడిగియున్నారు?"

"ఎవరూ పాలు అడగలేదు సార్. పెరుగు అడుగుతారు. పెరుగుకి పాలు కావాలి కదండీ."

"పెరుగు అడుగుదురన్న నమ్మకముతో పాలను తెప్పించియున్నారు. అనగా అంచనా. అంచనా వెనుక దాగియున్న నిల్వ." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మీ పేరు క్రమబద్ధీకరణ పరిశీలనలో ఉన్నదమ్మా. నేను మీ మేలు కోరి చెప్పుచున్నాను."

ఆ మాటతో దమయంతి మూత బిగించేసింది. క్యాను వెనక్కి పంపించేసింది.

మర్నాటికి కేంద్రం వెనక గేదె వచ్చింది. సమాఖ్య వాళ్లే అద్దెకి తెచ్చి కట్టారు. పద్ధతి ఏమిటంటే, వినియోగదారుడు పెరుగు అడగాలి, దమయంతి కిటికీలోంచి "గిరాకీ!" అని కేక వెయ్యాలి, అప్పుడు పాలు పితకాలి. తవిటినాయుడు అడిగాడు. దమయంతి కేకేసింది. గేదె తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ గడ్డి తినడంలో పడిపోయింది. పొదుగులో చుక్క కూడా లేదు. అది తెల్లవారగట్లే, ఎవరూ అడక్కుండానే చేపేసింది. కట్టినవాడు పితికి, ఏం చెయ్యాలో తెలీక తాగేశాడు.

పరాంకుశం గారు విచారణకి వచ్చారు. గేదె ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, దాన్ని చాలాసేపు పరిశీలించారు. గేదె కూడా ఆయన్ని పరిశీలించింది. ఇద్దరిలో ముందు కళ్లు దించింది పరాంకుశం గారే. నివేదిక రాశారు: "సదరు గేదె ప్రతిదినము వేకువన మరియు సంధ్యవేళ, ఎట్టి గిరాకీ లేకనే, పాలను ఇచ్చుచున్నది. అనగా గిరాకీని ముందుగా అంచనా వేయుచున్నది. ఇది ఈ గేదె వ్యక్తిగత దోషమా, జాతి అలవాటా అన్నది తేల్చవలసియున్నది. అంతవరకు దీనికి శిక్షణ ఇప్పించగలరు."

శిక్షణ ఇప్పించారు. కార్ల వీడియో తెచ్చి గేదె ముందు పెట్టారు. దాంట్లో ఎర్ర కారు వచ్చినప్పుడు గేదె బెదిరి, పలుపు తెంచుకుని పోయింది. దాన్ని వెతకడానికి నిరీక్షణ మందిరం అంతా లేచి పరిగెత్తింది. ఆ పూట అందరికీ కాస్త వ్యాయామం అయ్యింది.

చివరికి రాజీ కుదిరింది. గేదె ఎప్పుడిచ్చిన పాలనైనా, వినియోగదారుడు వచ్చి అడిగేదాకా "ఇంకా గేదెలోనే ఉన్నట్టు" భావించాలని ఉత్తర్వు వచ్చింది. క్యాను మీద "గేదె" అని రాయించి మూల పెట్టారు.

*

అన్నిటికన్నా పెద్ద చిక్కు తోడుతో వచ్చింది.

పాలు ఎంత వేడిగా ఉన్నా, ఎంత చల్లారినా, వాటంతటవి పెరుగైపోవు కదా. నిన్నటి పెరుగు చెంచాడు పడాలి. సాయంత్రం అందరికీ పోసేశాక, దమయంతి ఒక చిన్న గిన్నెలో కాస్త మిగిల్చి మూత పెట్టేది. సర్క్యులర్ వచ్చిన రోజే, అది నిల్వ అవుతుందేమోనని భయమేసి, బాగా ఆలోచించి, దాన్ని పరికరాల పట్టికలో చేర్చింది. గరిటె ఒకటి, జల్లెడ ఒకటి, తోడు ఒకటి.

ఒకనాడు కుండపోతగా వాన పట్టింది. పొద్దుటి నుంచీ ఒక్క పిట్ట రాలేదు. షట్టరు దించే వేళకి, రెయిన్‌కోటులోంచి నీళ్లు కారుతూ పరాంకుశం గారు దిగారు. గిన్నె మూత తీశారు.

"ఇదేమి?"

"పరికరం సార్."

"పరికరమా? గరిటె పరికరము. గరిటె పులియునా?"

"పులవదు సార్."

"ఇది పులియుచున్నది. కావున పెరుగు. నేడు ఎవరూ అడగలేదు. కావున నిల్వ." ఆయన గొంతు తగ్గించారు. "క్రమబద్ధీకరణ జాబితా రేపు పై ఆఫీసుకు పోవుచున్నది. ఉప్పరవలస ఎదుట శూన్యమని వ్రాయుదునా, చెంచాడని వ్రాయుదునా? మీరే తేల్చండి."

దమయంతి గిన్నె చేతిలోకి తీసుకుంది. అది ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజున నీలవేణి ఇంటి నుంచి తెచ్చుకున్న తోడు. ఆ చెంచాడులోంచే ఇన్నాళ్ల పెరుగూ వచ్చింది. రాత్రి రాత్రికీ చెయ్యి మారకుండా తనే నిలబెట్టుకుంటూ వచ్చింది. పారబోస్తే రేపు పెరుగు ఉండదని ఆవిడకి తెలుసు. పరాంకుశం గారికీ తెలుసు. కానీ ఆవిడకి మార్చి నెలాఖరు గుర్తొచ్చింది, తాళంచెవి లేని ఆ ఒక్క రోజు గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని, షట్టరు బయటికి చెయ్యి చాచి వానలోకి వంచేసింది.

"శూన్యం," అని రాసుకున్నారు పరాంకుశం గారు తృప్తిగా.

మర్నాడు వాన వెలిసింది. మందిరం నిండింది. తవిటినాయుడు అడిగాడు, పొయ్యి వెలిగింది, పాలు కాగాయి, గోరువెచ్చగా అయ్యాయి. ఆ పైన జరగాల్సింది ఏదీ లేదు. సాయంత్రం డబ్బా నిండా పాలు పోసిచ్చింది దమయంతి.

"ఇవి పాలు కదే!"

"పెరుగు కావడానికి పూర్తిగా సిద్ధంగా ఉన్న పాలు బాబాయ్."

"నేనూ ఒకప్పుడు డ్రైవరు కావడానికి పూర్తిగా సిద్ధంగా ఉన్నాను," అన్నాడు తవిటినాయుడు. "కండక్టరుగానే రిటైరైపోయినాను."

నీలవేణి విని పరిగెత్తుకొచ్చింది. "ఓలప్పా, తోడు లేదని చెప్పవేటి? నా దగ్గర బిందెడుంది. ఇదిగో గరిటెడు."

దమయంతి చెయ్యి చాచబోయింది. వెనక నుంచి పరాంకుశం గారు దగ్గారు. "సదరు తోడు నీలవేణి గారి హోటలు గిరాకీకై తయారైనది. ఒకరి గిరాకీతో వేరొకరి గిరాకీని తీర్చుట కల్తీ క్రిందకు వచ్చును. పద్ధతి ప్రకారము పై ఆఫీసుకు వ్రాయండి."

రాసింది. పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: "తోడు కావలెనని ఏ వినియోగదారుడూ అడిగినట్లు రికార్డులలో లేదు. పెరుగు మాత్రమే అడిగియున్నారు. అడగనిది తయారు చేయజాలము." మళ్లీ రాసింది: పెరుగు కావాలంటే ముందు పెరుగు ఉండాలి, మరెలా? ఈసారి సదానందం గారు స్వయంగా స్పందించారు. ఆ ప్రశ్న చాలా లోతైనదని మెచ్చుకుని, లోకంలో మొట్టమొదటి పెరుగు దేనితో తోడుకుందో, దాన్ని ఎవరు అడిగారో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ అధ్యయనం కోసం కొండ మీది హోటలుకి వెళ్లింది.

*

ఈలోగా లెక్కలు పైకి చేరాయి. రాష్ట్రంలో అన్ని కేంద్రాలూ ఎంతో కొంత దొంగచాటుగా తోడు దాచుకుని నెట్టుకొస్తున్నాయి. ఒక్క ఉప్పరవలసలో మాత్రం నిల్వ శూన్యం, తయారీ శూన్యం, మిగులు శూన్యం. ఇంత స్వచ్ఛమైన ఫలితం సదానందం గారు కూడా ఊహించలేదు. శిక్షణ ఇచ్చిన నిపుణుల్ని వెంటబెట్టుకుని ఆదర్శ కేంద్రాన్ని చూపించడానికి బయల్దేరారు.

"దమయంతీ," అన్నారు పరాంకుశం గారు. ఆనందంలో ఆయనకి మామూలు భాష వచ్చేసింది. "నీ పర్మినెంటు ఆర్డరు ఎండీ గారి జేబులో ఉందట. అందరి ముందూ గిరాకీ వస్తుంది, నువ్వు తీర్చాలి. తీర్చావా, చేతికి ఇచ్చేస్తారు."

"తోడు లేదు సార్."

"అడిగాక చూద్దాం."

వాళ్లు వచ్చేసరికి ఎండ మండిపోతోంది. నిపుణులు కోట్లు వేసుకుని చెమటలు కక్కుతున్నారు. మందిరంలో జనం ఎవరి కుర్చీలో వాళ్లు ఉన్నారు. సదానందం గారు కౌంటరు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా అన్నారు: "నేను వినియోగదారుణ్ణి. నాకొక గ్లాసు పెరుగు కావాలి."

దమయంతి ఆయన్ని చూసి నవ్వింది. పొయ్యి వెలిగించింది. "గేదె" అని రాసిన క్యాను తెరిచింది. పాలు కాగాయి. నిపుణులు తలలు ఊపుతూ రాసుకున్నారు. పాలు చల్లారాయి. నిపుణులు టైలు వదులు చేసుకున్నారు. ఒకాయన ఆకలవుతోందని ఇంకొకాయన చెవిలో చెప్పాడు. అందరూ దమయంతి చేతుల్నే చూస్తున్నారు.

గోరువెచ్చటి పాలగిన్నె ముందు ఆవిడ ఊరికే నిలబడింది. ఏం చెయ్యాలో సర్క్యులర్‌లో లేదు. మొదటిసారి ఆవిడ సర్క్యులర్ వైపు చూడకుండా, కౌంటరు దాటి వచ్చి, మందిరం గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, అక్కయ్యలూ, నీలవేణీ," అంది. "ఎవరి దగ్గరన్నా కాస్త పెరుగుందా?"

తవిటినాయుడు లేచి, స్టీలు డబ్బా మూత తీశాడు. నిండా గడ్డపెరుగు. పక్కన కుర్చీలో ఆవిడ సంచిలోంచి గిన్నె తీసింది. ఆ వెనక ఇంకొకటి. మంగలి అద్దం వెనక నుంచి చిన్న కుండ తీశాడు. ఎన్నాళ్లని కూర్చుంటారు? అందరూ ఎప్పటి నుంచో ఇళ్లల్లోనే రాత్రి తోడేసుకుని, పొద్దున్నే పట్టుకొచ్చి, ఇక్కడ కూర్చుని చాటుగా తింటున్నారు.

"మరి పెరుగు ఉండీ ఇక్కడికి ఎందుకొస్తున్నారు బాబాయ్?" అంది దమయంతి తెల్లబోయి.

"అడగడం మానేస్తే నీ ఉద్యోగం పోతాదని కదేటి," అన్నాడు తవిటినాయుడు చిరాగ్గా. "రోజూ ఒక మనిషైనా అడగాల కదా."

దమయంతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈలోగా నీలవేణి ఊరుకుంటుందా? నిపుణుల మొహాలు చూసి, విస్తళ్లు వేసేసి, పెరుగన్నం వడ్డించేసింది. మెంతి మిరపకాయలు కూడా. కోట్లు విప్పి బాసింపట్లు వేసుకుని తిన్నారు. సదానందం గారు మారు వడ్డించుకున్నారు.

పరాంకుశం గారు మాత్రం గోడకి అతుక్కుపోయారు. ఇంత నిల్వ ఆయన జీవితంలో చూడలేదు.

చెయ్యి కడుక్కుని లేచిన సదానందం గారి కళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. "చూశారా!" అన్నారు నిపుణులతో. "కేంద్రం అడిగింది. ప్రజలు తక్షణం సరఫరా చేశారు. మనకి పాలు లేవు, తోడు లేదు, గేదె లేదు, బాధ్యత లేదు! ఇన్నాళ్లూ మనం తిరగేసి ఆలోచిస్తున్నాం. గిరాకీ సంస్థది, తయారీ వినియోగదారుడిది!"

నిపుణులు చప్పట్లు కొట్టారు. ఆ పద్ధతికి వాళ్లు దారిలోనే పేరు కూడా పెట్టేశారట.

దమయంతి కొంగు సర్దుకుని ఎదురుగా నిలబడింది. సదానందం గారు జేబులోంచి కవరు సగం తీసి, ఏదో స్ఫురించినట్టు ఆగిపోయారు.

"ఒక్క ధర్మసందేహం అమ్మా. ఈ పర్మినెంటు పోస్టు ఎవరు అడిగితే తయారైంది?"

"నేనే సార్. ఏటా అర్జీ పెట్టుకుంటున్నాను."

"నువ్వు ఉద్యోగివి. వినియోగదారువి కాదు. వినియోగదారు అడక్కుండా తయారు చేసిన పోస్టు... నిల్వే కదా?"

"నేనడుగుతున్నాను!" అని లేచాడు తవిటినాయుడు. "ఈ పిల్లని పర్మినెంటు చెయ్యండి."

"నేనూ అడుగుతున్నాను," అంది నీలవేణి. మందిరం మొత్తం లేచి నిలబడి అడిగింది. మంగలి కత్తి పట్టుకునే అడిగాడు.

సదానందం గారు ఎంతో సంతోషించారు. "చాలా మంచిది! గిరాకీ మొదలైంది. నమోదు చేసుకోండి పరాంకుశం. అయితే ఇది ఒక్క ఊరి గిరాకీ. రాష్ట్ర స్థాయి పోస్టుకి రాష్ట్ర స్థాయి గిరాకీ రావాలి. రాగానే తయారీ మొదలుపెడదాం." అని కవరు జేబులోకి తోసేసి కారెక్కారు.

అదీ సంగతి. ఉప్పరవలస కేంద్రం ఇప్పటికీ ఉంది. బోర్డు మళ్లీ మారింది: "ఇచట పెరుగు అడగబడును" అని ఉంటుంది. డబ్బాతో వచ్చినవాళ్లని చూసి దమయంతి నవ్వి, "కాస్త పెరుగుందా అండీ?" అని అడుగుతుంది. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకుని, వాళ్లకే తిరిగి ఇచ్చేస్తుంది. మార్చి నెలాఖరున తాళంచెవి పట్టుకెళ్లి అప్పగించి, ఆ రోజు అన్నం మానేస్తుంది.

అందుచేత చదివేవాళ్లకి ఒక మనవి. మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే, లేదా సమాఖ్య వారి ఏ కేంద్రం ముందు నుంచి వెళ్లినా సరే, ఒక్క నిమిషం ఆగండి. పెరుగు అడక్కండి, దొరకదు. ఆవిణ్ణి పర్మినెంటు చెయ్యమని అడగండి. నోరు తెరిచి, స్పష్టంగా, పక్కవాళ్లకి వినబడేలా అడగండి. అడిగేటప్పుడు తడుముకోకూడదు కాబట్టి పేరు గుర్తుపెట్టుకోండి: పొట్నూరు దమయంతి, ఉప్పరవలస.